నాయనమ్మని చంపేసిన తొమ్మిదో క్లాసు కవి

ఈ వారం వచ్చిన ఉత్తరం ఆరు పేజీలు. మొత్తం ఇక్కడ పెట్టలేను, పెట్టకూడదు కూడా, అందుకే పేర్లూ ఆనవాళ్లూ తీసేసి కుదించి చెప్తున్నా.

రాసినావిడ కరీంనగర్ వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో తెలుగు టీచర్. పుట్టి పెరిగింది గుంటూరు దగ్గర, పెళ్లయ్యి ఇటొచ్చి తొమ్మిదేళ్లయింది. కిందటేడు ఫోన్లో స్లామ్ పొయెట్రీ, అంటే స్టేజి మీద సొంత కవిత చదివితే జడ్జీలు మార్కులేసే పోటీ, ఆ వీడియోలు చూసి, మన పిల్లలు మాత్రం ఎందుకు చెయ్యకూడదు అనుకుని శనివారం మధ్యాహ్నాలు క్లబ్ మొదలుపెట్టారు. ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లలు పద్నాలుగు మంది వస్తున్నారు. మొదట్లో అందరూ ప్రాసలు కలుపుతూ అమ్మ గురించి, జెండా గురించి రాసేవాళ్లట. దసరా సెలవుల తర్వాత తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకామె లేచి తన కవిత చదివింది. వాళ్ల నాన్న తాగొచ్చి అమ్మని కొడతాడు, దాని గురించి. అందులో ఒక వాక్యాన్ని టీచర్ గారు ఉత్తరంలో రాశారు: "నాన్న బండికి స్టాండు వేసిన చప్పుడుని బట్టి ఆ రాత్రి ఎట్లుంటదో నాకు తెలిసిపోతది." క్లాసులో అందరూ ఏడ్చారు, ఈవిడ కూడా ఏడ్చారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత శనివారం నుంచి అందరూ ఏడుపు కవితలే. ఒక అబ్బాయి వాళ్ల నాయనమ్మ చనిపోవడం గురించి గుండెలు పిండేలా చదివాడు, ఈవిడ దగ్గరికి తీసుకుని ఓదార్చారు కూడా, మంగళవారం చూస్తే ఆ నాయనమ్మే వాడు మర్చిపోయిన టిఫిన్ బాక్స్ పట్టుకుని స్కూల్ గేటు దగ్గర నిలబడి ఉంది.

ఇప్పుడు ఇంకో మూడు వారాల్లో నాలుగైదు స్కూళ్లు కలిసి పోటీ పెట్టుకుంటున్నాయి. ప్రిన్సిపాల్ గారు ఆ అమ్మాయి కవిత విని "ఇదేంటి మేడమ్, పేరెంట్స్ వస్తారు, వాళ్ల నాన్న కూడా వస్తాడేమో, దీన్ని కాస్త తగ్గించండి, లేకపోతే చెట్ల మీద ఏదైనా రాయించండి" అన్నారు. అమ్మాయేమో చదివితే ఇదే చదువుతా, లేకపోతే మానేస్తా అంటోంది. వాళ్లమ్మకి ఈ కవిత ఉన్నట్టే తెలీదు. ఈసారికి వేరేది చదువు అని ఈవిడ మెల్లగా అంటే ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. "నిజం రాయమని చెప్పిన నేనే ఇప్పుడు దాచుకోమంటే నేనేం టీచర్నండీ, అసలు పిల్లల బాధకి మార్కులు వెయ్యడమే తప్పేమో, క్లబ్ మూసేద్దామా అనిపిస్తోంది" అని ముగించారు.

టీచర్ గారూ, క్లబ్ మూసెయ్యొద్దు. మిగతా అన్నిటికీ రెండు మూడు దారులున్నాయి, చెప్తా, దీనికి మాత్రం ఒకటే మాట.

ముందు నాయనమ్మ సంగతి చూద్దాం. మీరు దాన్ని నవ్వుకోవడానికి రాశారు, నేనూ నవ్వాను, కానీ అసలు చిక్కుముడి అక్కడే పడిందనిపించింది. ఎందుకంటే మీ ఉత్తరం రెండో పేజీలో ఇదే అబ్బాయి గురించి ఇంకో మాట రాసి వదిలేశారు. వాడు ఆగస్టులో ఒక కవిత తెచ్చాడు, వాళ్ల నాయనమ్మ దుబాయ్‌లో ఉన్న కొడుకుతో ఫోన్ మాట్లాడేటప్పుడు వీధంతా వినబడేలా ఒర్లుతది, ఎందుకూ అంటే "దుబాయ్ దూరమాయె కద, గట్టిగ మాట్లాడకుంటె ఎట్ల ఇనవడ్తది" అంటదట. మీరు దాన్ని "బాగుంది కానీ భాష సరిచేసుకో" అని ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చారు. ఒర్లుతది అన్నచోట బిగ్గరగా అరుస్తుంది, ఇనవడ్తది అన్నచోట వినబడుతుంది. వాడు దిద్దిన కాపీ చదివితే ఎవరూ నవ్వలేదు, "ఎందుకో ఆ రోజు పండలేదు" అని మీరే రాశారు.

ఎలా పండుతుంది మేడమ్? అందులో నాయనమ్మ గొంతే కదా కవిత, ఆ గొంతు తీసేశాక మిగిలింది ఫోన్లో అరిచే ఒక ముసలావిడ. వాడికి అర్థమైంది ఏంటంటే బతికున్న నాయనమ్మని తన భాషలో పెడితే దిద్దుతారు, ఆ తర్వాత ఆ అమ్మాయికి పడ్డ చప్పట్లు చూశాడు, ఏడిపిస్తే లేచి నిలబడతారు. అంతే, పుస్తకం తెలుగులో నాయనమ్మని చంపేశాడు. మీ లెక్క ప్రకారమే రాశాడు పాపం. మనం దేనికి చప్పట్లు కొడితే పిల్లలు అదే రాస్తారు, ఇందులో వాళ్ల మోసం ఏమీ లేదు.

మీరు గుంటూరు నుంచి వచ్చారు కాబట్టే అలా దిద్దారు అని అనట్లేదు, తెలంగాణలో పుట్టిన టీచర్లు కూడా ఇదే చేస్తారు, నేనే చూశా, ఇంట్లో "ఏం జేస్తున్నవ్ రా" అనే ఆయన క్లాసులోకి రాగానే రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. పరీక్ష పేపర్లో దిద్దండి, అది మీ ఉద్యోగం. శనివారం మాత్రం ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి రండి. ఏదైనా మాట మీకు అర్థం కాకపోతే వాడినే అడగండి, టీచర్‌కి తెలియని మాట తనకి తెలుసు అని తెలిసిన పిల్లాడి గొంతు ఎంత పెద్దదవుతుందో మీరే చూస్తారు.

ఇక మార్కుల సంగతి. దీని పుట్టుక కాస్త తెలిస్తే మీ మనసు తేలికపడుతుందనుకుంటా. స్లామ్‌ని మొదలుపెట్టింది మార్క్ స్మిత్ అని షికాగోలో బిల్డింగ్ పనులు చేసుకునే ఆయన, 1984లో ఒక చిన్న బార్‌లో, 1986 నుంచి గ్రీన్ మిల్ అనే ఇంకో బార్‌లో ఆదివారం రాత్రులు. అప్పట్లో కవితా పఠనం అంటే కాయితంలోకి తల దూర్చి గొణగడం, వినేవాళ్లు మర్యాదకి కూర్చోవడం, ఆయనకి అది నచ్చలేదు. అందుకే జనంలోంచే ఎవరో ఒకర్ని పట్టుకుని మీరే జడ్జీలు అని చేతిలో అంకెల కార్డులు పెట్టాడు. తర్వాత తర్వాత స్థిరపడిన రూల్స్‌లో ఐదుగురు జడ్జీలు సున్నా నుంచి 10 దాకా వేస్తారు, అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా మూడూ కూడితే 30కి మార్కులు. కవితకి 3 నిమిషాలు, పది సెకన్లు దాకా చూసీ చూడనట్టు వదిలేస్తారు, ఆ తర్వాత కోత. వేషాలు, వస్తువులు, మ్యూజిక్ ఉండవు. ఆ జడ్జీలకి కవిత్వం తెలిసుండాలని రూలేం లేదు, జనం నోరు మూసుకుని కూర్చోకుండా ఈలలు వెయ్యాలి, మార్కు నచ్చకపోతే గోల చెయ్యాలి, అందుకోసం పెట్టిన ఆట అది.

మన స్కూళ్లకి వచ్చేసరికి ఏమైందంటే, జడ్జీ అంటే రిటైరైన హెడ్మాస్టరు, మార్కు అంటే ప్రోగ్రెస్ కార్డు. అక్కడ ఆట పోయి పరీక్ష వచ్చింది. పిల్ల బాధకి 7.5 వేశారంటే అది ఘోరమే, మీ అనుమానం కరెక్టే. కానీ అది పోటీ పెట్టినవాళ్లతో మాట్లాడి మార్చగలిగిన విషయం. జడ్జీల్ని ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లలోంచి తియ్యండి, వంట చేసే ఆయా, బస్ డ్రైవరు, ఒక పేరెంటు, పదో క్లాసు పిల్లలిద్దరు. డ్రైవర్ అన్న ఎనిమిది వేస్తే హాలంతా "తొమ్మిదీ" అని అరవాలి. అప్పుడు ఏ పిల్లా ఆ అంకెని ఇంటికి మోసుకెళ్లదు. వాళ్లు ఒప్పుకోకపోతే మీ పిల్లల్ని మార్కులు లేకుండా చదవనిస్తారా అని అడగండి. మీ ప్రిన్సిపాల్‌కి షీల్డ్ పోతుంది, ఆయన బాధ ఆయనకి ఉంటుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి.

నిజం రాయమన్న నేనే దాచుకోమంటే ఎలా అన్నారు. రాయడం వేరు, మైకు ముందు చదవడం వేరు మేడమ్, ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మీకు ఇంత నలుగుడు. నిజం రాయమని చెప్పారు, ఆ పిల్ల రాసింది, క్లబ్‌లో పద్నాలుగు మంది ముందు చదివింది, ఆ మాట అక్కడితో నిలబడింది. స్టేజి ఎక్కడం కొత్త నిర్ణయం, దానికి లెక్క మళ్లీ మొదట్నుంచి వెయ్యాలి. కవిత ఆ అమ్మాయిది. స్టేజికి మాత్రం పూచీ మీది.

నా తప్పు ఒకటి చెప్తా. చాలా ఏళ్ల కింద ఒక ఊళ్లో వర్క్‌షాప్ చేస్తూ ఒక పదమూడేళ్ల పిల్లాడితో వాళ్లమ్మ ఇల్లొదిలి వెళ్లిపోవడం మీద కవిత చదివించా. అద్భుతంగా చదివాడు. ఎవరో ఫోన్లో తీశారు, సాయంత్రానికి ఆ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, వాడు రెండు వారాలు స్కూలుకి రాలేదు. తర్వాత నేను వెళ్లి కలిస్తే వాడు నన్ను ఏమీ అనలేదు, "సార్ ఆ వీడియో తీసెయ్యొచ్చా" అని మాత్రం అడిగాడు. తియ్యలేం కదా. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా మొదట అడిగేది మైకు ఎలా ఉందని కాదు, ఫోన్లు ఎక్కడ పెట్టిస్తారని.

అందుకని ఆ పిల్లతో మాట్లాడేటప్పుడు "చదువుదామా వద్దా" అని మొదలుపెట్టొద్దు. "చదివావనుకో, ఆ రాత్రి ఇంట్లో ఏమవుతుంది?" అని అడగండి. అడిగి ఊరుకోండి. తొందరపడి మీరే సమాధానం చెప్పెయ్యొద్దు. ఆ అమ్మాయి బండి స్టాండు చప్పుడులోంచి రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగల పిల్ల, ఈ లెక్క మీకన్నా నాకన్నా బాగా వేస్తుంది.

ఇంకోటి, ఇది పోటీ కన్నా ముఖ్యం, ఈ వారమే చెయ్యాలి. కవితని పక్కన పెట్టి, ఇంట్లో ఇప్పుడు ఎలా ఉంది, నీ మీద కూడా చెయ్యి చేసుకుంటున్నాడా అని ఒంటరిగా కనుక్కోండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వొద్దు, నిలబెట్టుకోలేరు. "చెప్పాల్సి వస్తే ముందు నీకు చెప్పి చెప్తా" అనండి. పిల్లల కోసం 1098, ఆడవాళ్ల కోసం 181 హెల్ప్‌లైన్ నంబర్లు ఉన్నాయి, రెండూ ఉచితమే, జిల్లాలో హింస పడే ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది, వాళ్లమ్మ వెళ్తే మాట్లాడతారు, పోలీస్ కేసు పెట్టాలనేం లేదు. అందరం ఏడ్చాం, చప్పట్లు కొట్టాం, తర్వాత ఎవరైనా ఆ పిల్లని ఇంటి సంగతి అడిగామా? మీ ఉత్తరంలో అది కనపడలేదు. తిట్టట్లేదు, కవిత బాగుంటే మనం కవితనే చూస్తాం, అందరికీ జరిగేదే.

ఇక పోటీకి దారులు. మొదటిది, ఉన్నదున్నట్టు చదవడం. వాళ్లమ్మకి ముందు తెలియాలి, అమ్మాయే చెప్పాలి, కావాలంటే మీరు పక్కన కూర్చోండి. వాళ్లమ్మ సరే అంటే కూడా, ఆ హాల్లో సగం మంది ఆ వీధి వాళ్లే, మర్నాడు కూరగాయల దగ్గర ఆవిడని ఏమంటారో ఆవిడకి తెలుసు. అది ఆవిడ జీవితం కూడా కదా, కూతురు కవితలో ఆవిడ ఉందన్న విషయం మనం మర్చిపోతున్నాం. ఆవిడ వద్దంటే ఈ దారి మూసుకుపోయినట్టే, అమ్మాయికి కోపం వస్తుంది, రానివ్వండి.

రెండోది, కవితని పక్కకి జరపడం. ప్రిన్సిపాల్ గారు అన్నట్టు తగ్గించడం కాదు. తగ్గిస్తే "కొన్ని ఇళ్లల్లో కొందరు తండ్రులు" అని ఉపన్యాసం అయిపోతుంది, అందరూ తలూపుతారు, ఎవరికీ ఏమీ తగలదు. పక్కకి జరపడం అంటే మాట్లాడేది ఎవరో మార్చడం. ఉదాహరణకి ఆ స్టాండే మాట్లాడిందనుకోండి: "నేను బండి స్టాండుని, మెల్లగా దిగితే ఇంట్లో టీవీ నడుస్తది, ఎగిరి పడితే గిన్నెలు దాక్కుంటయ్." ఇది ఇప్పుడు నాకు తోచింది, ఆ అమ్మాయి దీనికన్నా బాగా రాస్తుంది. ఇందులో నాన్న లేడు, అమ్మ లేదు, కానీ తెలిసినవాడికి వెన్నులో చలి పుడుతుంది. ఒక ఇబ్బంది ఉంది. ఆ పిల్లకి ఇది పారిపోవడంలా అనిపించొచ్చు, పైగా ఆ వీధిలో వాళ్లకి ఎవరి బండో తెలిసిపోవచ్చు. కాబట్టి ఇది పూర్తి రక్షణ అనుకోవద్దు, ఆ రాత్రి ఏమవుతుంది అన్న ప్రశ్న దీనికీ వేసుకోవాల్సిందే.

మూడోది, పోటీలో వేరే కవిత, ఇది క్లబ్ వరకే. మీరు ఆల్రెడీ అన్నది ఇదే, అందుకే ఆ అమ్మాయి ముఖం తిప్పుకుంది. మాట అదే అయినా చెప్పే తీరు మారాలి. ఇంట్లో ఆ పిల్ల రోజూ వినే మాట బహుశా "బయట చెప్పకు" అన్నదే, మీ నోటి నుంచి కూడా అదే వచ్చినట్టు వినపడి ఉంటుంది. ముందు వెళ్లి ఒక మాట అనండి: "నేను భయపడి చెప్పాను, నిన్ను అడగకుండా చెప్పాను, తప్పు నాది." పిల్లలు టీచర్ల నోటి నుంచి ఈ మాట వినరు, పని చేస్తుంది. తర్వాత ఆ కవిత ఎప్పుడు, ఎవరి ముందు చదవాలో నిర్ణయం ఆ అమ్మాయి చేతిలోనే పెట్టండి, రెండేళ్ల తర్వాత కావచ్చు, కాలేజీలో కావచ్చు, అప్పటికి కవిత కూడా మారుతుంది.

నేనైతే రెండు, మూడు మధ్యలో ఎక్కడో ఉంటా, కానీ ఆ ఇల్లు నేను చూడలేదు.

ప్రిన్సిపాల్ గారితో భావప్రకటనా స్వేచ్ఛ అని మొదలుపెట్టకండి, గొడవవుతుంది. ఆయన భయంలో సగం నిజముంది, వాళ్ల నాన్న హాల్లో లేచి నిలబడితే ఆపాల్సింది ఆయనే కదా. "మీరన్నదాంట్లో న్యాయం ఉంది సార్, అందుకే అమ్మాయితో, వాళ్లమ్మతో మాట్లాడుతున్నా, ఆ రోజు హాల్లో ఫోన్లు బయట పెట్టిద్దాం" అనండి. చెట్ల కవిత మాత్రం వద్దని చెప్పండి, చెట్ల మీద రాయకూడదని కాదు, వాళ్ల స్కూల్ వెనక కొట్టేసిన చింతచెట్టు మీదైతే రాయొచ్చు, "చెట్లను పెంచుదాం" అయితే జడ్జీలతో పాటు చెట్లు కూడా నిద్రపోతాయి.

మిగతా పన్నెండు మందిని మర్చిపోవద్దు, రెండు నెలలుగా వాళ్లు కన్నీళ్లు తయారు చేస్తున్నారు. ఈ శనివారం ఒక రూల్ పెట్టండి, నవ్వించాలి లేదా ఆకలి పుట్టించాలి, ఏడిపించకూడదు. మన అవధానంలో దత్తపది ఉంది కదా, పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు మాటలిస్తే అవధాని వాటిని పద్యంలో ఇమడ్చాలి, అదే ఆట వాడండి. చార్జరు, పచ్చిపులుసు, ట్యూషన్ ఫీజు, కుక్క. ఇరవై నిమిషాలు టైమ్. పెద్ద మాటలు, అంటే ప్రేమ, సమాజం, గుండె, కన్నీరు లాంటివి నిషేధం, అవధానంలో ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడే నిషిద్ధాక్షరి ఉన్నట్టు ఇది మీ నిషిద్ధపది అనుకోండి. గట్టిగా చదవడానికి భయపడే పిల్లలు ముగ్గురున్నారన్నారు, వాళ్లని బుర్రకథలో వంతగాళ్లలా వాడండి, ఒకరు చదువుతుంటే మిగతా ఇద్దరూ ఒక్క వాక్యం మాత్రం పట్టుకుని మళ్లీ మళ్లీ అనాలి. రెండు వారాల్లో ఆ ముగ్గుర్లో ఒకరు నడుమ నిలబడతానంటారు, నాకు ఎప్పుడూ అలాగే జరిగింది.

చదివే విషయంలో ఒక్కటే చెప్తా, వీడియోలు చూసి మన పిల్లలందరూ ఒకే రాగం పట్టేశారు, గబగబా నాలుగు లైన్లు, గొంతు బొంగురు చేసి ఆగడం, చెయ్యి గాల్లో తిప్పడం. తెలుగు అలా నడవదు, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, చివర సాగడానికి చోటుంటుంది. పక్కింటావిడకి జరిగింది చెప్తున్నట్టు ఒకసారి చదవమనండి, అది రికార్డ్ చేసి వాళ్లకే వినిపించి డిలీట్ చెయ్యండి, వాళ్ల ముందే చెయ్యండి.

నాయనమ్మ పిల్లాడిని నలుగురిలో నిలదియ్యొద్దు. "నాయనమ్మ టిఫిన్ బాక్స్ తెచ్చింది కదరా, ఆవిడ ఫోన్ కవిత ఏది?" అని పక్కకి పిలిచి అడగండి చాలు, వాడికి అర్థమవుతుంది. పారేశా అంటాడేమో. మీరు దిద్దిన కాపీ మీ బీరువాలోనే ఉంటుంది, అది తీసి ఇవ్వండి, ఎర్ర గీతల కింద వాడి మాటలు ఇంకా చదవడానికి వస్తాయి.